ఇంటి తొవ్వ తెలిసిన కుక్క

మొన్న మా మనుమడు ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. దాన్ని బడిలో వేయాలట. కుక్కలకు బడి ఏమిటని నేను నవ్వుతుండగానే ఫోను తీసి ఆ బడి సంగతులన్నీ చదివి వినిపించాడు. కూర్చోమంటే కూర్చునే చదువు ఒకటి, ఇంటికి కావలి ఉండే చదువు ఒకటి, నలుగురిలో బుద్ధిగా మెలిగే చదువు ఇంకొకటి. "ఏది నేర్పియ్యమంటవు నానమ్మా?" అని అడిగాడు. ఆ కుక్కపిల్ల నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. నాకు మల్లి గుర్తొచ్చింది, దానితో పాటు నా పాత కడుపుమంట కూడా.

మల్లి మా అత్తగారింటి కుక్క. నిజాం రాజ్యం చివరి ఏండ్లు అవి. కట్టంగూర్‌కు అవతల చిన్న ఊరు, గొర్ల మంద మీద బతికే ఇల్లు. నేను కాపురానికి వెళ్లిన వానాకాలమే అదీ ఆ ఇంటికి వచ్చింది, అప్పుడే కళ్లు తెరిచిన పిల్లగా. కొత్త కోడలిని చూడటానికి వచ్చిన వాళ్లు కూడా దాన్నే ఎత్తుకుని ముద్దు చేసేవాళ్లు. దానికి ఏ పని నేర్పాలన్నదాని మీద ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. మా అత్తకు అది వాకిట్లో ఉండాలి. మగవాళ్లు మంద వెంట పోతే ఇంట్లో ఆడవాళ్లం ఇద్దరమే. మేత పన్ను, అదే పుల్లరి, వసూలుకని ఎవరో ఒకరు గొర్ల లెక్క అడుగుతూ వాకిట్లోకి వచ్చి నిలబడే రోజులవి. మామ ఒప్పుకోలేదు. కుక్కపిల్లను గొర్రెపిల్లల దొడ్డిలోనే వదలాలి, గొర్రె పాలే పట్టాలి, పొయ్యికాడి ముద్ద చూపించకూడదు, ఆయన లెక్క అది. "మంద కుక్కకు ఇంటి తొవ్వ తెల్వొద్దు. తెలిసిందా, ఇగ అది మందకు పనికిరాదు" అన్నాడు. చివరికి మా ఆయన "నేను నేర్పుత తియ్యి బాపూ" అని పిల్లను గొంగడిలో చుట్టుకుని దొడ్డిలోకి పోయాడు.

పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. ఆ రోజుల్లో అత్తమామల ముందు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునేవారు కాదు. నాతో ఆయన అన్న మాటలు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు, నీళ్లు, ఉప్పు, తలుపు, ఇంతే. మల్లితో మాత్రం పొద్దంతా ముచ్చట్లు. దాని చెవుల్లో గోమార్లు ఏరేవాడు. తన జొన్నరొట్టెలో మెత్తటి నడిమి భాగం తుంచి దానికి పెట్టి, తను అంచులు నమిలేవాడు. ఆ రొట్టె కొట్టింది నేను, చేతులు కాల్చుకున్నది నేను. అట్లా ఒక్క తునక నాకు ఎవరైనా తుంచి పెడితే అని దొడ్డి గోడ పక్కన నిలబడి ఎంత కుళ్లుకున్నానో చెప్పలేను. కుక్క మీద కుళ్లేమిటని మీరు నవ్వొచ్చు. సవతి మీదైతే పోయి నలుగురికి చెప్పుకోవచ్చు, కుక్క మీద అసూయ చెప్పుకోవడానికి కూడా ఉండదు. అది చాలదన్నట్టు నా గోధుమరంగు పాత చీర ముక్క ఒకటి దండెం మీద నుంచి మాయమైంది. మల్లే ఎత్తుకుపోయి చింపిందని అత్తకు చెప్పి, దాన్ని తిట్టించి, కొంచెం చల్లబడ్డాను.

ఎండాకాలం వచ్చింది. పంటలు తీసిన చేలల్లో ఎరువుకని రైతులు మందను పిలిచి పడుకోబెట్టుకుంటారు. ఈ చేను నుంచి ఆ చేనుకు, ఊరు నుంచి ఊరికి మంద తిరుగుతూనే ఉంటుంది, మగవాళ్లు ఇంటి మొహం చూడరు. ఊరికే ఇంటికి వచ్చినవాడిని తోటి కాపరులు పెండ్లాం కొంగు పట్టుకున్నడని ఏడాది పొడుగునా ఏడిపిస్తారు. మా ఆయనా రాలేదు. మల్లి వచ్చింది. ఒక సాయంత్రం దుమ్ము కొట్టుకుని రొప్పుతూ వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. దాని వెనకాలే తాడు పట్టుకుని ఆయన. "బాపు పట్కరమ్మన్నడు" అన్నాడు అత్తతో, నా వైపు చూడకుండా. తిన్నాడు, పడుకున్నాడు, తెల్లారగానే దాన్ని కట్టుకుని పోయాడు. ఆ ఎండాకాలమంతా ఇదే వరస. కుక్క తప్పిపోయి ఇంటికి రావడం, దాని కోసం ఆయన రావడం. కుక్క కోసమైతే రెండు కోసులు నడుస్తాడు, నా కోసం నడవడు, అని కుళ్లుకునేదాన్ని.

తొలకరికి మంద ఇంటికి చేరింది. మామ తీర్పు చెప్పేశాడు. "గీ కుక్క చెడింది. తిరుమలగిరి అంగడికి మా బామ్మర్ది వస్తడు, తోల్కపొమ్మంట." నాకు పండగలాగుంది. ఆ సంబరంలోనే వానకు తడిసిన ఆయన గొంగడిని ఆరేయబోయాను. కొసన ఒక ముడి. విప్పితే నా గోధుమరంగు చీర ముక్క, దాని నిండా రొట్టె పలుకులు.

దొడ్డిలో ఆయనను నిలబెట్టి ఆ ముక్క చూపించాను. ఆయన వంగి మల్లి మెడ గోకాడు. "గీ నీ చీర ముక్కలనే రొట్టె మూటగట్టి దీనికి పెడ్తుంటి. ఇంటికి పో అంటే గా నీ వాసనవట్టి ఉరుకుతది" అన్నాడు. "అది ఉరికితేనే గదా బాపు నన్ను తోలేది." దాని చెవి సవరిస్తూ, "ఉత్తగ వస్త అంటే తోలడు గదా" అన్నాడు.

అంగడి రేపనగా తలుపు చాటు నుంచి మామతో మాట్లాడాను. మామతో నేను నోరు విప్పడం అదే మొదలు. "మామా, మల్లిని ఇయ్యకుండ్రి. ఇంకో ఎండకాలం మంద వెంట తోల్కపోండ్రి. నేర్సుకుంటదేమో." ఇంటి కావలికి ఉంచుకుందామని అత్త అడ్డం వచ్చింది. వద్దత్తా, అది మందలోనే ఉండాలె అని గట్టిగా అన్నాను. మామ చుట్ట ఆర్పి, కొడుకు వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూశాడు. "అది నేర్సుకునేది ఎప్పుడో నేర్సుకున్నది. ఉండనియ్యి" అన్నాడు.

మల్లి ఇంకా చాలా ఎండాకాలాలు తప్పిపోయింది. దాని అడుగుల చప్పుడు వినగానే నేను రెండో రొట్టెకు పిండి కలిపేదాన్ని. ఇప్పుడు అదీ లేదు, దాని వెనకాల తాడు పట్టుకుని వచ్చే మనిషీ లేడు. ఇన్నేండ్లలో ఎన్నో మరిచిపోయాను. నా మీద ఆశ ఉందన్న మాట ఆయన నాకంటే ముందు ఆ కుక్కకు చెప్పుకున్నాడన్న కుళ్లు మాత్రం నిన్నటిదిలాగే ఉంది.