కేజీ రాయి

అమ్మ రక్తం కావాల్సి వచ్చింది. ఇలా మొదలుపెడితే కన్నీళ్ల కథ అనుకుంటారు. కాదు, కొరియర్ ఆలస్యమైన కథ.

నేను మధురవాడలో ఒక ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నాను. మన రక్తంలో జబ్బుల మీద కాపలా కాసే కణాలుంటాయి. వాటిలో ఒక రకానికి ఒంటి మీద సీడీ ఫోర్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి, బుల్లి సీసాలో పోసి అమ్ముతారు. అది చల్లగా ఉండాలి. మా సీసా తెచ్చే బండి ఆనందపురం దగ్గర ఆగిపోయి, ఐసు కరిగి, సీసా గోరువెచ్చగా చేరింది. పేషెంట్ల రక్తం మీద వాడే ముందు అది ఇంకా పనిచేస్తోందో లేదో, ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంతో చూసుకోవాలి. ఆ వారం ల్యాబ్‌లో అందరికీ జ్వరాలే. రోగనిరోధక శక్తి మీద పనిచేసేవాళ్లం మరి.

నాకు తెలిసిన గట్టి మనిషి మా అమ్మ. తెల్లారకుండా హార్బర్‌కు వెళ్లి, వేలంలో చేపలు పాడుకుని, మధ్యాహ్నానికి గంప ఖాళీ చేసుకుని వస్తుంది. ఫోన్ చేసి, చిన్న టెస్టుంది, కాస్త రక్తం ఇచ్చి వెళ్లమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత సరేనంది. సిగ్నల్ లేదేమో అనుకున్నాను. పరిశోధకుణ్ణి కదా, కారణం ఇట్టే కనిపెట్టేశాను.

మర్నాడు పెట్టెలోని చీర కట్టుకుని వచ్చింది. తిని రమ్మన్నా తినలేదు. నర్సు కోసం ఎదురుచూస్తూ ఉంటే అప్పుడు గమనించాను, చెవులకు దిద్దులు లేవు. కన్నాల్లో వేపపుల్లలున్నాయి. నిద్రలో కూడా తీయని దిద్దులవి. ఏవని అడిగితే, పొద్దున్నే అప్పకిచ్చేశానంది. అప్పంటే మా అక్క.

"ఎప్పటికైనా దానికే కదరా" అంది, గోడ వైపు చూస్తూ.

ఇక్కడ రక్తమే తీస్తారు, బంగారం తీయరులే అన్నాను. అమ్మ మొహం ఇంకా వాడిపోయింది.

"మీ నాన్నకీ ముందు సిన్న టెస్టే అన్నావు. అప్పుడూ ఇలాగే నవ్వించావు. నాకేటైనాదో నిజం సెప్పీ."

నాన్న పోయే ముందు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వరండాలో కూర్చుని అమ్మను నవ్వించడమే నా డ్యూటీ. జోకులు బాగా పేలుతున్నాయనుకున్నాను. నేనెంత నవ్విస్తే నాన్నకు అంత బాగోలేదని అమ్మ లెక్క కట్టుకుంటోందని తెలీదు.

ఐసు డబ్బాలోంచి సీసా తీసి పట్టుకుని, కుర్చీ దగ్గరకు లాక్కున్నాను.

"అమ్మా, కొత్త కాటా కొంటే ముందు ఏటి సేత్తావ్?"

"కేజీ రాయెట్టి సూత్తాను."

"రాయి మీద అనుమానమా?"

"రాయికేటైనాది? కాటా మీదే అనుమానం."

"నువ్వు రాయివమ్మా. నా అనుమానం ఈ సీసా మీద."

సీసా వైపు చూసింది. నా వైపు చూసింది. నేను నవ్వడం లేదని ఖాయం చేసుకున్నట్టుంది. ఇన్నాళ్లూ పెంచితే ఆఖరికి నన్ను రాయిని చేశావని గొణిగి, చెయ్యి చాపింది.

అమ్మ కిందకెళ్లి ఇడ్లీ తిని వచ్చేసరికి రక్తంలో రంగు కలిపి మిషన్‌కు పెట్టాను. తెర మీద చుక్కలు రెండు గుంపులుగా విడిపోయాయి. యాంటీబాడీ అంటుకుని మెరిసేవి కుడి పక్క, అంటుకోనివి ఎడమ పక్క. సీసా బతికే ఉంది. ఆ చుక్కలన్నీ నీవే అంటే, కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది.

"ఇన్ని కాపలా కాత్తన్నాయా" అంది. తెర మీద వేలు పెట్టి, "మీ నాన్నవి కూడా ఇలాగే మెరిసేవేట్రా?"

మెరిసేవన్నాను. దానికి జోకేమీ కలపలేదు.

మెట్లు దిగుతూనే అప్పకు ఫోన్ చేసి, దిద్దులు సాయంత్రానికి తెచ్చేయమంది. పొద్దున్నంతా ఏడ్చి ఇప్పుడే పెట్టుకున్నానని అప్ప అవతల నుంచి మొత్తుకోవడం నాకూ వినపడింది.

"నాను బాగానే ఉన్నానంట" అంది అమ్మ. "తెచ్చీ."