మేష్టారి ఇంటి చిలక

నా చిన్నప్పుడు, మేము నరసాపురంలో ఉన్న రోజుల్లో, చిలకని పెంచుకోవాలనే పిచ్చి పట్టింది నాకు. పిడుగుపడి మోడైన మా పెరటి కొబ్బరిచెట్టును కొట్టిస్తే తొర్రలో ఓ చిలక పిల్ల దొరికింది. దానికింకా ఈకలైనా సరిగా రాలేదు, నేను మాత్రం అప్పుడే అది నా పేరు పిలుస్తున్నట్టు ఊహించేసుకున్నాను.

అదే వారంలో పక్కింటి మేష్టారు వాళ్ళ ముసలి చిలకని పంజరంతో సహా తెచ్చి మా అరుగు మీద పెట్టారు. లేసు అల్లుకుంటూ దానికి మాటలు నేర్పిన మామ్మగారు, అంటే ఆయన భార్య, కొన్నాళ్ళ క్రితమే పోయారు. ఆవిడ మధ్యాహ్నం పూట మేష్టారిని ఎలా పిలిచేవారో ఆ చిలకా అలాగే, "ఏవండీ, భోజనానికి లేవండి" అని పిలుస్తుంది. అచ్చం ఆవిడ గొంతే. "వినలేకపోతున్నానండీ, మీ దగ్గరుంచండి" అని మా తాతయ్యతో చెప్పి, ఆయన వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

రెండిటినీ సాకడం తన వల్ల కాదంది అమ్మమ్మ. నేను పిల్లే కావాలన్నాను. తాతయ్య నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "పిల్లనైతే ఎవరైనా ఎగబడి పట్టుకెళ్తారమ్మా. ఎగరడం కూడా మర్చిపోయిన దీన్ని ఎవరు తీసుకుంటారు?" అన్నారు. పిల్లని ఆ సాయంత్రమే వెనక వీధివాళ్ళు పట్టుకెళ్ళారు. నేను ఏడ్చి, అలిగి అన్నం మానేశాను.

తీరా చూస్తే ఆ ముసలిదీ తినలేదు. జామకాయ పెట్టాం, పండుమిరపకాయ పెట్టాం, గిన్నెలో అన్నం పెట్టాం, ముట్టలేదు. మధ్యాహ్నం కాగానే పిలిచేది. తల ఓరగా పెట్టి కాసేపు వినేది. తర్వాత ముడుచుకుపోయేది. ఇక దక్కదేమోనని తాతయ్య భయపడి మేష్టారిని తీసుకొచ్చారు. ఆయన గుమ్మంలో ఉండగానే చిలక పిలిచింది. ఆయన పంజరం దగ్గరికొచ్చి, "వస్తున్నానే" అన్నారు. చిలక వెంటనే గిన్నెలో మెతుకులు అందుకుంది. ఆయన అలా పలికాకే మామ్మగారు వడ్డించేవారట, ముందు దానికో చిన్న ముద్ద పెట్టేవారట. అది చెబుతూ చెబుతూ మేష్టారు మా అరుగు మీద కూలబడి ఏడ్చేశారు. ఆవిడ పోయాక ఆయన ఏడవడం అదే మొదలని తాతయ్య తర్వాత అన్నారు.

అప్పట్నుంచి రోజూ ఆ వేళకి వచ్చి, చిలకకి పలికి, మా ఇంట్లోనే నాలుగు మెతుకులు తిని వెళ్ళేవారు. మరుసటి ఏడాది వానల్లో ఆయనా పోయారు. చిలక పిలుస్తూనే ఉంది. తాతయ్య పలికి చూశారు, నేనూ పలికాను. మా గొంతుల్ని అది నమ్మలేదు. కొద్ది రోజులకే పంజరంలో చచ్చి పడి ఉంది. చిలక పిల్లని ఇచ్చేసినప్పటి ఏడుపు ఈ ఏడుపు ముందు ఏపాటిదో ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు నా పిల్లలే పెద్దవాళ్ళయ్యారు. మా ఆయన గదిలోంచి పిలిచినా, వాళ్ళు మేడ మీంచి పిలిచినా, చేతిలో ఎంత పనున్నా ముందు "వస్తున్నా" అంటాను. అంత తొందరేంటమ్మా అని పిల్లలు నవ్వుతారు. పలికేవాళ్ళు లేని పిలుపు ఎలా ఉంటుందో వాళ్ళు వినలేదు.