పోశన్న మొక్కిన కోడె

ఖతర్‌లోని ఉమ్ సలాల్‌లో బాబా తోట చూడడానికి వచ్చినవాళ్లు కంచె దగ్గర నిలబడి చేసే పని ఒకటే. మందలో కొమ్ములు బారుగా ఉన్న జింకపోతును వేలెత్తి చూపించి, అన్నిట్లోకీ అదే పెద్దది కదా అంటారు. పోశన్న వెంటనే కాదనడు. చేతిలోని గడ్డిమోపు కింద పెట్టి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, అప్పుడు చెబుతాడు.

"కొమ్ములు ఆఖర్న చూడాలె సార్. ముందుగాల మెడ చూడుండ్రి, కడుపు చూడుండ్రి. నడక చూసినంక ఇంకేం చూసే పనే లేదు."

ఆ మాట ఆయన సొంతం కాదు, బాబా నేర్పిందే. చెప్పీ చెప్పీ తనదైపోయింది.

పోశన్నది జగిత్యాల జిల్లాలో కథలాపూర్ పక్కన చిన్న పల్లె. ఖతర్‌కు వచ్చింది సిమెంటు పనికి. ఎత్తు మీద నిలబడితే తనకు కళ్లు తిరుగుతాయన్న సంగతి ఇక్కడికొచ్చాకే ఆయనకు తెలిసింది. అంతకుముందు ఆయన ఎక్కిన ఎత్తు ఇంటి పెంకుల దాకానే మరి. నాలుగో అంతస్తులో ఇనుప కమ్మీని కావలించుకుని కళ్లు మూసుకున్న మనిషిని ముగ్గురు పట్టుకుని దించారని క్యాంపులో చాలాకాలం చెప్పుకుని నవ్వారు. నేల మీద పని ఏదైనా ఉంటే చూడమని మొత్తుకోగా మొత్తుకోగా, చివరికి ఈ తోటలో కుదిరాడు.

తోట యజమాని డెబ్బై దాటిన పెద్దమనిషి. పేరు అబూ జాసిమ్. గేటు కాపలాదారు నుంచి వంటవాడి దాకా అందరికీ బాబా. ఆయనకు ఖర్జూరాల మీద ఎంత ప్రేమో తెలియదుగానీ, కృష్ణజింకల మీద మాత్రం ప్రాణం. పెద్ద కంచె లోపల మందను పెంచుతాడు. చలికాలంలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క పోతును తన చేత్తో వేటాడతాడు. మాంసం ఇరుగుపొరుగుకూ పనివాళ్లకూ వెళుతుంది. కొమ్ములు అతిథులు కూర్చునే మజ్లిస్ గోడ ఎక్కుతాయి. అంతకు మించి తుపాకీ ముట్టుకోడు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వడు.

ఆ ఒక్కదాన్ని ఎంచడమే అసలు పని. కొమ్ములు త్వరగా సాగిన కుర్ర పోతును చూస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. దాన్ని ఓపికగా వదిలెయ్యాలి. అది ఇంకా బలిసి, నల్లబడి, మెడ భుజాలంత లావైతే అప్పుడు దాని అందం. ఆ దశ కూడా దాటి వీపు కుంగి, కడుపు జారి, ఇతర పోతుల పోటు తట్టుకోలేక ఒంటరిగా తిరిగేదే వేటకు పండినట్టు. ఎండాకాలం నీటి తొట్లు ఎండకుండా చూడడం, జత్ అనే పచ్చగడ్డి కోసి వేయడం, ఉప్పు గడ్డలు పెట్టడం, పొడుచుకునే పోతుల్ని విడదీయడం పోశన్న ఏడాది పొడుగునా చేసే డ్యూటీ. చలి మొదలైతే బాబా, ఆయన కలిసి దుర్భిణీ పట్టుకుని కంచె వెంట తిరుగుతారు. పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన వాళ్లలాగా, ఇది ఫరవాలేదు, దానికి ఇంకొంచెం ఒళ్లు రావాలి అని వాదించుకుంటారు. బాబాది అరబ్బీ, పోశన్నది అరబ్బీ అని పోశన్న మాత్రమే నమ్మే భాష. అయినా ఏనాడూ ఇద్దరికీ మాట తేడా రాలేదు.

మాట తేడా వచ్చింది పటేల్ వల్ల.

పటేల్ అంటే ఒక పోతు. నడిచి వస్తుంటే మందంతా పక్కకు జరిగి దారి ఇచ్చేది. ఊళ్లో పూర్వం పటేల్ వస్తే అరుగు మీది వాళ్లు లేచేవారట, ఆ తీరు చూసి పోశన్న ఆ పేరు పెట్టాడు. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, మెలి తిరిగి మెలి తిరిగి పైకి పోయిన కొమ్ములు. మందలో ఇంతవరకూ అలాంటిది పుట్టలేదని బాబానే అన్నాడు. దాని కొమ్ముల దగ్గరికొచ్చేసరికి ఆయన తన లెక్క తానే మరిచిపోయేవాడు.

కిందటేడు ఎండాకాలం పోశన్న భార్య గౌరవ్వకు ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చి, కరీంనగర్ ఆసుపత్రిలో ఆపరేషన్ అన్నారు. పోశన్న పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళ్లి ఉంది, ఎగిరిపోదామన్నా దారిలేదు. ఫోన్ పట్టుకుని నీటి తొట్టి పక్కన కూలబడ్డాడు. ఆయన ఊరి వైపు కష్టమొస్తే వేములవాడ రాజన్నకు కోడె మొక్కుతారు. గట్టెక్కాక కోడెను గుడి చుట్టూ తిప్పి, దేవుడి ముందు కట్టి వస్తారు. ఆ తర్వాత అది దేవుడి సొత్తు, దాని మీద ఎవరికీ హక్కుండదు. పోశన్న కళ్లు మూసుకుని, రాజన్నా, గౌరవ్వను నిలబెడితే కోడెను కడతానని మొక్కాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా తొట్టిలో మూతి ముంచి పటేల్ నిలబడి ఉంది. దేవుడే పంపాడనుకున్నాడు. ఇగో, ఇదే నీ కోడె అనేశాడు.

గౌరవ్వ గట్టెక్కింది. ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక పోశన్న ఫోన్లో గొప్పగా ఆ సంగతి చెప్పాడు. గౌరవ్వ మొదటి మాటే నిలదీసింది.

"దుబాయ్ సేటు జింకను నువ్వు మొక్కినవా?"

ఇది దుబాయ్ కాదని ఎన్నిసార్లు చెప్పినా గౌరవ్వకు గల్ఫంతా దుబాయే.

"ఆ టైంల గదే కనవడ్డదే."

"మంది జీవాన్ని మొక్కుడేందయ్యా? రేపు నేను పక్కింటోళ్ల బర్రెను మొక్కుత, నడుస్తదా? సేటుకు చెప్పినవా?"

చెప్పలేదు. ఎలా చెబుతాడు? నీ మందలోని మేలు పోతును మా దేవుడికి ఇచ్చేశానని ఏ జీతగాడైనా యజమానితో అనగలడా? మొక్కు వెనక్కి తీసుకుందామంటే గౌరవ్వ ఒప్పుకోదు. ఆమె తిట్టింది మొక్కినందుకే, తీర్చనందుకైతే ఇంకా తిడుతుంది.

పోశన్న తనకు తోచిన దారి వెతుక్కున్నాడు. గుడి లేదు కాబట్టి నీళ్ల ట్యాంకునే గుడి చేశాడు. సోమవారం సోమవారం పొద్దున్నే చేతిలో ఖుబూస్ రొట్టె ముక్క పట్టుకుని ట్యాంకు చుట్టూ నడిచేవాడు, రొట్టె వాసనకు పటేల్ వెనకాలే తిరిగేది. కొన్నాళ్లకు పటేల్‌కు సోమవారంతో పని లేకుండా పోయింది. పోశన్న ఎప్పుడు కనిపించినా వచ్చి జేబులో మూతి పెట్టేది. వేట మందలో జంతువుకు చేత్తో తిండి పెట్టకూడదని బాబా మొదటి రోజే చెప్పాడు. మనిషిని చూసి పారిపోని జంతువును వేటాడితే అది వేట కాదని ఆయన లెక్క. ఆ సంగతి పోశన్నకు గుర్తుంది. దేవుడి కోడెను పస్తు పెట్టకూడదన్నది అంతకంటే ఎక్కువ గుర్తుంది.

కిందటి చలికాలం బాబా దుర్భిణీ పటేల్ మీద ఆగగానే, ఇంకో ఏడాది ఆగితే కొమ్ములు ఇంకా పెరుగుతాయని పోశన్న అడ్డుపడ్డాడు. బాబా బలహీనత ఆయనకు తెలుసు. కొమ్ము పెరుగుతుందంటే బాబా దేనికైనా ఆగుతాడు. ఆ ఏడు అలా గడిచింది.

ఈ చలికాలం ఆ మందు పనిచెయ్యలేదు. పటేల్ కాలు కుంటుతోందని పోశన్న వేరే దొడ్లో పెట్టాడు. బాబా వచ్చి చూసేసరికి అది దొడ్డి గోడ దూకి మందలోకి పోయింది. అంత ఆరోగ్యంగా కుంటే జంతువును నేనెప్పుడూ చూడలేదన్నాడు బాబా. వేరే ఒక కుర్ర పోతును చూపించి ఇదే ముసలిదంటే, నీ కళ్లకు అద్దాలు చేయించాలి, అల్ సద్‌లో మంచి డాక్టరున్నాడన్నాడు. శుక్రవారం కాకుండా శనివారం పొద్దున అని ముహూర్తం కూడా చెప్పేశాడు.

శనివారం మంచు ఇంకా విడవకముందే పైకప్పు లేని బండిలో బాబా తుపాకీతో కూర్చున్నాడు. బండి నడిపేది మొహియుద్దీన్. బోధన్ మనిషి, ఇంట్లో ఉర్దూ, పోశన్నతో తెలుగు, బాబాతో అరబ్బీ. పోశన్న ముందు నడిచి పటేల్‌ను మందలోంచి విడదీయాలి, గుండు ఇంకోదానికి తగలకుండా. పోశన్న మనసులో వేరే ఆలోచన ఉంది. దాన్ని అదిలించి ఖర్జూరాల వెనక్కి తరిమేస్తే ఈ పూటకు గండం గడుస్తుంది.

ఆయన కనపడగానే పటేల్ మందను వదిలి నేరుగా వచ్చింది. పోశన్న చేతులు ఊపాడు. అది ఆగలేదు. తువ్వాలు విసిరాడు. అది తువ్వాలు వాసన చూసి, నాలుగు అడుగులు వేసి, జేబులో మూతి పెట్టింది. "పోరాదు పటేలా, నీ కాళ్లు మొక్కుత" అని బతిమాలుతూ ఆయన వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. అది రొట్టె కోసం ఆయనను నెట్టుకుంటూ వస్తోంది. అలా ఇద్దరూ కలిసి సరిగ్గా బండి ముందుకొచ్చి నిలబడ్డారు.

బాబా తుపాకీ ఒళ్లో పెట్టుకున్నాడు. ఇది వేట జంతువా, పిల్లికూనా అని అడిగాడు. గొంతులో కోపం ఉంది.

పోశన్న పటేల్ మెడ మీద చెయ్యి వేశాడు.

"హాదా మాఫీ, బాబా," అన్నాడు. ఇది వద్దని. అంతటితో ఆయన అరబ్బీ అయిపోయింది. మొహియుద్దీన్ వైపు తిరిగి, "భాయ్, నువ్వే చెప్పు. నేను దీన్ని దేవునికి మొక్కిన," అన్నాడు.

మొహియుద్దీన్ సీట్లోంచి ముందుకు వంగాడు. "దేన్ని?"

"దీన్నే."

"ఎవర్నడిగి మొక్కినవన్నా?"

"ఎవర్నడగలె. గౌరవ్వ చావు బతుకుల మీద ఉండె."

మొహియుద్దీన్ నెత్తి గోక్కుంటూ చెప్పడం మొదలుపెట్టాడు. ఆపరేషన్, తొట్టి, కోడె, ట్యాంకు చుట్టూ ప్రదక్షిణలు, అన్నీ చెప్పాడు. పోశన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఈ వయసులో తోటలోంచి వెళ్లగొడితే మళ్లీ ఎత్తు మీది పనేనా అన్న దిగులు ఉందిగానీ, చెయ్యి మాత్రం పటేల్ మెడ మీదనుంచి తీయలేదు. అంతా విని బాబా గడ్డం నిమురుకుంటూ అన్నాడు.

"నీది కానిదాన్ని ఇస్తానంటే ఆ మాట చెల్లదు పోశన్నా. మాలో అయితే చెల్లదు."

"మా గౌరవ్వ సుత గదే అన్నది బాబా."

"ఆమె బాగుందా?"

"బాగున్నది. రోజూ తిడ్తున్నది."

మొహియుద్దీన్ అది కూడా చెప్పాడు. బాబా పెదవి కొంచెం కదిలింది.

"ఆమెను నిలబెట్టింది అల్లా. అందులో నాకు అనుమానం లేదు. కానీ మాట ఇచ్చింది నువ్వు. నా తోటలో పనిచేసే మనిషి మాట తప్పినవాడు కావడం నాకు ఇష్టం లేదు." తుపాకీలో గుండు తీసి జేబులో వేసుకున్నాడు. "ఈ జంతువు నీకు ఇచ్చాను. ఇప్పుడు నీది. ఇక నీ మాట చెల్లుతుంది."

పోశన్న బండి దగ్గరికి వచ్చి బాబా కాళ్లు పట్టుకోబోతే ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు, మోకాలు నొప్పి అని కసిరాడు. ఇంకోసారి మొక్కాలనిపిస్తే సొంతది ఏదైనా మొక్కుకో, మూతి మీద అంత మీసం ఉంది కదా అన్నాడు. మొహియుద్దీన్ పకపకా నవ్వాడు. తమ దిక్కు నిజంగానే వెంట్రుకలు మొక్కుతారని అతను చెబితే బాబా నమ్మలేదు.

తర్వాత బాబా మొహం గంభీరమైంది. నువ్వు రెండు చలికాలాలు నాతో అబద్ధమాడావు, ఇప్పుడు నిజం చెప్పు, మందలో పండింది ఏది అని అడిగాడు. పోశన్న ఈసారి వెతుక్కోలేదు. రేగుచెట్ల అవతల ఒంటరిగా నిలబడ్డ పోతును చూపించాడు. దాని వీపు కుంగింది, కడుపు జారింది, ఒక కొమ్ము కొస విరిగింది. కుర్ర పోతులు దాన్ని గడ్డి దగ్గరికి రానివ్వడం లేదు. వచ్చే ఎండాకాలం దాటేది కాదు.

"నేనూ దాన్నే అనుకున్నాను," అన్నాడు బాబా. అది నిజమో కాదో మొహియుద్దీన్‌కు ఇప్పటికీ తెలియదు. ఒక్క గుండుతో పని అయిపోయింది.

పటేల్‌ను మందలో ఉంచొద్దని బాబా చెప్పాడు. మనిషికి అలవాటు పడ్డ పోతు ఎప్పుడో ఒకనాడు కొమ్ము విసురుతుందని ఆయన భయం. అందుకని పోశన్న గది వెనక దానికి వేరే దొడ్డి కట్టారు, ఈసారి దూకలేనంత ఎత్తుగా. గౌరవ్వకు వీడియోలో చూపిస్తే, ఆమె కొంగు తల మీదికి లాక్కుని దండం పెట్టి, ఇది కోడెనా, ఇంత సన్న కాళ్లేంది, తిండి పెడుతున్నావా లేదా అని మళ్లీ తిట్లు అందుకుంది.

ఆ చలికాలం ముసలి పోతు కొమ్ములు మజ్లిస్ గోడెక్కాయి. మిగిలిన వాటి పక్కన పొట్టిగా, ఒకవైపు కొస లేకుండా, బీదగా కనిపిస్తాయి. అతిథులు చూసి, మందలో ఇంతకంటే పెద్దది లేదా అని అడుగుతుంటారు. ఉంది అంటాడు బాబా, గావా కాఫీ పోస్తూ.

"ఉంది. కానీ అది నాది కాదు."