బయటికి తీయని కాగితం

యూనివర్సిటీలో మా సర్టిఫికెట్ల సెక్షన్‌లో పనిచేసే నవనీత మీద నేను చాలాసార్లు విసుక్కున్నాను. చించిన కవరు పారేయమంటే కూడా "అవసరమైతదేమో అక్కా" అని సొరుగులో దాస్తుంది. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. అయినా క్యాంపస్‌లో పర్మినెంటు వాళ్లందరికంటే ముందు వచ్చి తాళం తీసేది ఆమే. లాలాపేట్‌లో ఒక్క గది అద్దెకు తీసుకుని, కొడుకు సాకేత్‌తో ఉంటుంది.

భర్త రత్నాకర్‌ది సర్కారు ఉద్యోగం. మెట్టుగూడలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. విడాకులప్పుడు నవనీత తనకంటూ ఏమీ అడగలేదు. "నాకు చేతులున్నయ్ అక్కా, పిల్లగానికి ఇస్తే సాలు" అంది. పిచ్చిదానివా అని తిట్టాను. పిల్లాడు మేజరయ్యేదాకా నెలకు ఎనిమిది వేలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఇచ్చాడు, అబద్ధమెందుకు. నాలుగుసార్లు ఫోన్ చేయించుకుని ఇచ్చాడు.

ఏటా మార్చి పంతొమ్మిదిన మాత్రం ఎవరూ ఫోన్ చేయనక్కర్లేదు. ఆ రోజు కొడుకు పుట్టినరోజు. సాయంత్రం రత్నాకర్ కేకు డబ్బా పట్టుకుని తార్నాక మెట్రో మెట్ల దగ్గర నిలబడేవాడు. మరునాడు అందులో ఒక ముక్క నా టేబుల్ మీదికి వచ్చేది. సిగ్గు లేకుండా తినేదాన్ని.

సాకేత్ పుట్టింది మార్చిలోనే అయినా, బడి రికార్డులో మాత్రం అంతకు ముందటేడు జూన్ అయిదు అని ఉంది. ఒకటో తరగతిలో చేర్చాలంటే అయిదేళ్లు నిండాలి. పిల్లాడికి నాలుగు దాటి మూడు నెలలు. ఏడాది దండగ ఎందుకని తండ్రే హెడ్మాస్టరు ఎదురుగా కూర్చుని ఆ తేదీ రాయించాడు. ఇది మన దగ్గర వింతేమీ కాదు. మా కౌంటరుకు వచ్చే సర్టిఫికెట్లు చూస్తే, ఆడవాళ్లందరూ బడులు తెరిచే నెల చూసుకుని కన్నారా అనిపిస్తుంది. తేదీ మార్చమని ఎవరు వచ్చి బతిమాలినా ముప్పై ఏళ్లుగా నా జవాబు ఒకటే. "మెమోల ఏముంటే అదే." టెన్త్ మెమో మీద పడిన తేదీని బ్రహ్మ కూడా మార్చలేడని గర్వంగా చెప్పేదాన్ని.

పోయిన జూన్‌లో డబ్బు ఆగిపోయింది. నవనీత ఫోన్ చేస్తే రత్నాకర్ తొణకలేదు.

"కొడుకు మేజరయిండు గద. ఇగ నాదేమున్నది?"

"మార్చి దాకా మైనరే గదయ్యా! నీకు తెల్వదా?"

"మెమో తీసి సూస్కో."

అప్పటికి సాకేత్ ఇంజనీరింగ్ మొదటి ఏడాది పూర్తయింది. హబ్సిగూడ దాటాక ఎక్కడో ఒక ప్రైవేటు కాలేజీ. సర్కారు కట్టే రీయింబర్స్‌మెంటు పోను మిగిలిన ఫీజు ఆ ఎనిమిది వేలలోంచే కట్టాలి. మార్చి దాకా ఆ డబ్బు వస్తే రెండో ఏడాది గట్టెక్కుతుంది. రాకపోతే చదువు ఆగిపోతుంది. అందుకే ఆమె మళ్లీ కోర్టుకెక్కింది.

విచారణకు ముందురోజు నవనీత బ్యాగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. సాకేత్ పుట్టినప్పుడు మున్సిపాలిటీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్. పదిహేడేళ్లుగా దాచినా మడత నలగలేదు.

"ఇది సూపిస్తే అయిపోతది గదక్కా?"

నేను కంగారు పడ్డాను. "రెండు తేదీలు బయటపెడ్తవా? మెమో తప్పుడుదంటరు. సీటు క్యాన్సిల్ చేస్తరు. రేపు ఉద్యోగం దగ్గర కూడా అడుగుతరు. మెమోల ఏముంటే అదే నవనీతా. లోపల పెట్టు." నిజంగా అలా జరుగుతుందో లేదో ఒక వకీలును కూడా అడగలేదు. నాకన్నీ తెలుసనే పొగరు.

మరునాడు సెలవు పెట్టి ఆమెతో, సాకేత్‌తో కోర్టుకు వెళ్లాను. పిల్లాడి పుట్టిన తేదీ ఏదని జడ్జిగారు అడిగారు. రత్నాకర్ కొడుకు మొహం చూస్తూనే "జూన్ అయిదు మేడం" అన్నాడు. కేకులు మోసిన చేతులు కట్టుకుని మరీ అన్నాడు. నిజమేనా అని నవనీతను అడిగారు. ఆమె చెయ్యి బ్యాగులో ఉంది. నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"అవును మేడం" అంది.

పిల్లాడు జూన్‌లోనే మేజరయ్యాడని కేసు కొట్టేశారు. బయటికి వచ్చాక నవనీత వరండాలో కూలబడింది. "తొమ్మిది నెలలు మోసి కన్ననక్కా. గా తొమ్మిది నెలలే మింగిండు" అని ఏడ్చింది.

డిసెంబర్లో ఫీజు కట్టలేదని కాలేజీవాళ్లు హాల్‌టికెట్ ఇవ్వలేదు. నేను కొంత సర్దాను, సరిపోలేదు. సంక్రాంతి సెలవులయ్యాక సాకేత్ కాలేజీకి వెళ్లలేదు. హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్లో బిల్లులు కొడుతున్నాడు. ఏ సీటు పోతుందని ఆ కాగితం దాయించానో ఆ సీటు ఎలాగూ పోయింది.

మొన్న మార్చి పంతొమ్మిదిన నేను, నవనీత క్యాంపస్ నుంచి నడిచి తార్నాక వచ్చేసరికి డ్యూటీ దిగిన సాకేత్ మెట్రో మెట్ల దగ్గర తల్లి కోసం చూస్తున్నాడు. రత్నాకర్ ఎప్పటిలాగే కేకు డబ్బాతో దిగాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

"పద్దెనిమిది నిండినయ్ బిడ్డా! ఇయ్యాల్టి నుంచి పెద్దోనివి" అన్నాడు.

సాకేత్ చేతులు జేబుల్లోంచి తీయలేదు. "నేను జూన్ల పుట్టిన గద నాన్నా. జడ్జి మేడంకు నువ్వే చెప్పినవ్."

రత్నాకర్ మొహం మాడిపోయింది. నావైపు తిరిగి, "మీరన్న జెప్పుండ్రి మేడం. పుట్టినరోజు పూట గిట్ల మాట్లాడొచ్చా?" అన్నాడు.

"మెమోల ఏముంటే అదే" అన్నాను, మొహం మీద కొట్టినట్టు.

భలే అన్నానని నవనీతకేసి చూశాను. ఆమె నన్ను చూడకుండా కొడుకు చెయ్యి పట్టుకుని లాలాపేట్ వైపు నడిచింది. ఆ మాట మొదట ఆమెకు చెప్పింది నేనే.