టైటిల్ పోయిన దొరసానమ్మ

నేను లేపాక్షిలో గైడుగా పనిచేస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ వారం అది నెత్తికెక్కింది. తాతలనాటి నాలుగెకరాల చెనక్కాయల చేను మొత్తం తమ్ముడి పేరిట రాయించాలని నాయన కాగితాలు సిద్ధం చేశాడు. ఆడబిడ్డనని నా వాటా వదులుకున్నట్టు నేను సంతకం పెట్టాలి. "చూస్తాలే నాయనా" అంటూ నెట్టుకొచ్చాను. వద్దనడానికి నోరు రాలేదు, పెట్టడానికి చెయ్యి రాలేదు.

అప్పుడే ఇంగ్లండు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. గుడి, నంది అన్నీ చూశాక చెనక్కాయ చెట్టు చూడాలంది. ఎన్నడూ చూడలేదట! సరేనని మా చేను చూపించి, మధ్యాహ్నం సంగటి, చెనక్కాయల పచ్చడి ఊరిబిండి తినడానికి మా ఇంటికే పిలుచుకుపోయాను.

తింటూ తింటూ ఆవిడ ఇంగ్లీషులో తన వంశం కథ మొదలుపెట్టింది. వాళ్ల పూర్వీకుడొకడు కంపెనీ పటాలంతో ఇటువైపే తిరిగాడట. వాళ్ల రాజు మెచ్చి 'సర్' అనే బిరుదు, ఆవిడ మాటల్లో టైటిల్, ఇచ్చాడట. అది తరతరాలకూ చెల్లేది. తండ్రి పోతే పెద్దకొడుక్కి, వాడు పెళ్లి చేసుకోకుండా పోతే తమ్ముడికి. ఒకాయన ఆరునెలలు సర్‌గా ఉండి గుర్రం మీంచి పడి చనిపోయాడట. చివరికి ఈమె తండ్రి దాకా వచ్చింది. ఆయనకు ఈమె ఒక్కతే బిడ్డ. ఆయన పోయాక ఆ టైటిల్ ముత్తాత తమ్ముడి వంశంలో ఎవరికో వెళ్లిపోయింది.

పక్కనే తింటున్న నాయనకు ఇంగ్లీషు రాదు. కానీ టైటిల్ అన్న మాట తెలియని రైతు మా ఊళ్లో లేడు. పట్టాదారు పాసుపుస్తకం, దాని జోడు టైటిల్ డీడు, రెండూ నాయన ట్రంకుపెట్టెలో తాళం కింద ఉంటాయి.

"టైటిల్ పోయిందా? అయ్యో పాపం! ఎవుడు పాపా కాజేసినాడు?"

"దాయాదికి పోయిందంట నాయనా."

"కన్నబిడ్డ ఈమె ఈడ ఉండాది కదా?"

"ఆడబిడ్డకు ఇయ్యరంట. ఆడ అదే రివాజు."

నాయన ముద్ద కంచంలో పడేశాడు. "ఇదేం అన్యాయమప్పా! ఆడదైతే బిడ్డ కాదా? ఎమ్మార్వోకు అర్జీ పెట్టమను. యినకుంటే ఆ రాజుకే పెట్టమను. సాచ్చి సంతకం నేను పెడతా!"

నవ్వు ఆపుకోలేక చచ్చాను. అది భూమి కాదు నాయనా, ఉత్త పేరు అని చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే చల్లబడేవాడు.

"మరి నా అర్జీ ఎవురికి పెట్టల్ల నాయనా?"

నాయన నా మొహం చూశాడు. ట్రంకుపెట్టె వైపు చూశాడు.

"తమ్మునికి ఫోన్ చెయ్యి," అన్నాడు చివరికి. "ఆ కాగితం చించేస్తాండా. రెండు పేర్లూ రాయించల్ల."

ఏం జరిగిందని పెద్దావిడ కంగారుగా అడిగింది.

"నాకు టైటిల్ వచ్చింది," అన్నాను.

ఆవిడ లేచి నిలబడి, ఊరిబిండి అంటిన చేత్తోనే నాకు సలాం కొట్టింది.