బోర్డు మీద వెతికే మాట

పద్మనాభం ఊరి బస్సులో నా చేతిలోని ఇంగ్లిష్ పేపరు చూసి, పక్క సీటులోని ఆమె కొంగుముడి విప్పి ఒక చీటీ తీసింది. దాని మీద ఇంగ్లిష్‌లో ‘ఫౌండ్’ అని ఒక్క మాటే ఉంది.

“మా ఆయన సేపల బోటు మీదెల్లి నెల్లాళ్లయింది బాబూ. పోలీసు స్టేషను బోర్డులో ఆయన పేరు పక్కన ఈ మాట రాత్తారంట. నాకు సదువు రాదు. రోజూ ఎల్లి ముగ్గులాగ పోల్సి సూసుకుంటన్నాను. సరిగ్గానే రాసిచ్చారా?”

“సరిగ్గానే ఉందమ్మా. దొరికాడని అర్థం,” అన్నాను. సముద్రం వార్తల్లో ఆ మాట వెనకాల సాధారణంగా ఏ మాట వస్తుందో, పత్రికలో పనిచేసినవాణ్ణి, నాకు తెలుసు. చెప్పలేదు.

మద్దిలపాలెంలో దిగుతూ ఆమే అంది: “శవం దొరికినా ఇదే రాత్తారంట బాబూ. అదైనా సాలు.”