చందాపుర హోటలు కిటికీలు

ఈ నెల మొదటి గురువారం నా భార్య చనిపోయింది. పొద్దున ఉప్మా తిని చందాపుర వెళ్లింది. అక్కడ కడుతున్న హోటలు లోపలి పని తనదే. మధ్యాహ్నం తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, ఛాతీ బరువుగా ఉందంది. ఆటో ఆసుపత్రి చేరేసరికి తల నా భుజం మీద వాలిపోయి ఉంది. అంతే.

బెంగళూరులో పాత ఇల్లు పడగొడుతుంటే జనం ముక్కు మూసుకుని పక్కనుంచి పోతారు. తను లోపలికి పోయేది. కాటన్‌పేటలో కూల్చిన ఇళ్ల తలుపులు, స్తంభాలు, కిటికీలు కొని హోటళ్లలో పెట్టించేది. కూలిన ఇంటి దరిద్రం కలపతో వస్తుందని చాలామందికి భయం. చందాపుర హోటలు యజమానీ అదే అన్నాడు. "ఆ ఇంట్లో పెళ్లిళ్లు కూడా జరిగినాయి కదప్పా, అవి రావా?" అంది తను. సగం మనసుతో ఒప్పుకున్నాడు.

తొంభైల్లో చిక్కపేట దగ్గర తను పని చేసిన మొదటి హోటలు. ఒక మందపాటి పలకను బెంచీ చేయించింది. జనం కాళ్లు మార్చి మార్చి నిలబడ్డారుగానీ దానిమీద కూర్చోలేదు. చివరికి ఒక పెద్దావిడ కసిరింది.

"పసుపు మరక కనపడలేదా తల్లీ? ఇది గడప. గడప మీద ఎవరన్నా కూచుంటారా?"

తను నాలుక కరుచుకుంది. "మా అత్తగారు చూసుంటే నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు" అని నవ్వింది. మర్నాడు బెంచీ ఊడదీయించి, ఆ పలకను హోటలు గుమ్మానికే గడపగా వేయించింది. అందరూ తొక్కకుండా దాటి వచ్చారు. ఒకరిద్దరు వంగి తాకి కళ్లకద్దుకున్నారు.

"కొనేముందు ఆ చెక్క ఏం పని చేసిందో అడగాలండీ" అని తర్వాత ఎప్పుడూ అనేది. నా పాత చొక్కాను మసిగుడ్డ చేసేముందు కూడా, ఇది వేసుకుని ఎక్కడెక్కడికి వెళ్లారని అడిగేది.

కర్మలు ముగిశాక, నిన్న వడ్రంగి మేస్త్రీ వచ్చాడు.

"ప్లైవుడ్ కొట్టేయమంటా ఉండాడు సార్ ఓనరు. అమ్మ లేదు కదా, పాతవి ఇంకెందుకంటాడు. కిటికీలన్నీ గోడకు ఆనించినట్టే ఉండాయి."

"నువ్వేమన్నావు?"

"సార్‌ని అడిగొస్తానన్నా."

నేను కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ణి. ఉలి పట్టడం రాదు. అయినా యజమానికి ఫోన్ చేశాను.

"నాకేం పంతం లేదు సార్. ఎవరో ఒకరు దగ్గరుండి చెప్పాలి కదా. మీరొస్తారా?" అన్నాడు.

వస్తానన్నాను.

మేస్త్రీ లేచాడు. "పొద్దుటి ఎండ ఏడ పడతాదో చూసి కిటికీలు నిలబెట్టాలని అమ్మ చెప్పింది. పెందలాడే రావాల సార్."

రేపు తెల్లవారకముందే చందాపుర బస్సు ఎక్కుతాను. ఎండ గోడ మీదికి వచ్చేసరికి, కిటికీకి ఒక వైపు మేస్త్రీ, ఒక వైపు నేను పట్టుకుని నిలబడి ఉంటాం.